నేను "చినిమా" అన్న రోజు

"డేటా ఎల్లిపోనాది!"

ఇదీ నేనన్న మాట. రాత్రి పదకొండున్నరకి సాఫ్ట్‌వేర్ రిలీజ్ కాల్, లైన్లో పద్నాలుగు మందిమి, దాదాపు అందరం తెలుగోళ్లమే, ఒక టేబుల్లో ఉండాల్సిన రికార్డులు కళ్లముందే మాయమైపోతున్నాయి, నాకు గుండె జారిపోయింది. మామూలుగా అయితే "డేటా పోతోంది, రిలీజ్ ఆపండి" అనేవాణ్ని గానీ ఆ కంగారులో, ఇన్నేళ్లుగా లోపల నోరు మూసి కూర్చోబెట్టిన సిక్కోలు కుర్రాడు లేచి బయటికొచ్చేశాడు. ఒక్క సెకను ఎవరూ మాట్లాడలా. తర్వాత నవ్వులు. "బ్రో ఇంకోసారి అను", "అర్ధరాత్రి కామెడీ ట్రాక్ ఏంటి స్వామీ" అని, చాట్లో వరసగా నవ్వే బొమ్మలు. మళ్లీ చెప్పాను, ఈసారి నీట్‌గా, కానీ అప్పటికే అది జోక్ అయిపోయింది కదా. ఇరవై నిమిషాల తర్వాత గుంటూరు అబ్బాయి ఒకడు అదే టేబుల్ చూసి అదే ముక్క చెప్పాడు, కాల్ మొత్తం గప్‌చిప్, రిలీజ్ ఆగింది.

కోపం వచ్చింది, కాదనను. కానీ ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే తేలిందేంటంటే, వాళ్లకి ఆ నవ్వు అలవాటు చేసింది నేనే. తొమ్మిదేళ్లుగా లంచ్ టేబుల్ దగ్గర నా ఐటెం అదే. "ఏటి బావూ, కూర అట్టుకొచ్చినావేటి" అని మొదలెడితే చుట్టూ నలుగురు పగలబడి నవ్వేవాళ్లు. కొత్తగా ఎవరైనా టీంలో చేరితే "వీడు శ్రీకాకుళం, వీడితో ఒక డైలాగ్ చెప్పించుకో" అని పరిచయం చేసేవాళ్లు, నేను చెప్పేవాణ్ని, సంతోషంగానే చెప్పేవాణ్ని. అందరూ దాన్ని కాన్ఫిడెన్స్ అనుకున్నారు. "నీ యాస మీద నువ్వే జోకులేసుకుంటావ్, నీకు ఇన్‌సెక్యూరిటీ లేదు బ్రో" అన్నాడొకడు. నేనూ అదే నమ్మాను. నిజం ఏంటంటే వాళ్లు నవ్వే లోపు నేనే నవ్వించేస్తే ఆ నవ్వు నా చేతిలో ఉంటుంది కదా అన్న భయం. అంతే. ఎవడో ఎప్పుడు కొడతాడో తెలీక ముందే మన చెంప మనమే వాయించుకోవడం లాంటిది.

ఈ భయం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తుంది. 2003, ఇంటర్ ఫస్ట్ ఇయర్, విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ. మా ఊరు నరసన్నపేట అవతల, పదో తరగతి వరకు గవర్నమెంట్ బడి. హాస్టల్లో మొదటి వారంలోనే నాకర్థమైన రూల్ ఒకటుంది: నేను "స" అన్నచోట వీళ్లు "చ" అంటారు. సెప్పు కాదు చెప్పు, సిన్న కాదు చిన్న, సేను కాదు చేను, సూడు కాదు చూడు. సరే, తెలివైనోణ్ని కదా, లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది, రూల్ పట్టేశాను. ప్రతి "స" దగ్గరా ఆగి "చ" పెట్టడం మొదలెట్టాను. ఆదివారం సాయంత్రం అందరూ టీవీ రూంలో ఉంటే, నేను ఎంతో జాగ్రత్తగా, ఒక్కో అక్షరం తూకమేసి, "ఈరోజు ఏం చినిమా?" అని అడిగాను.

రెండేళ్లు నా పేరు చినిమా. అసలు పేరు వార్డెన్‌కి మాత్రమే తెలుసు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, నాకు జరిగినదానికి భాషాశాస్త్రంలో ఒక పేరుందని. విలియం లబోవ్ అని అమెరికా ఆయన, 1960ల్లో న్యూయార్క్ వాళ్లు మాటల్లో "ర" శబ్దాన్ని పలుకుతారో మింగేస్తారో చూశాడు. ఖరీదైనది ఒకటి, మధ్యరకం ఒకటి, చవకది ఒకటి, మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకి వెళ్లి, నాలుగో అంతస్తులో ఏం అమ్ముతారో ముందే కనుక్కుని, అది ఎక్కడ దొరుకుతుంది అని పనివాళ్లని అడిగేవాడు, వాళ్లు "ఫోర్త్ ఫ్లోర్" అనేవాళ్లు, వినపడనట్టు మళ్లీ అడిగితే ఇంకోసారి ఇంకొంచెం జాగ్రత్తగా అనేవాళ్లు. ఖరీదైన షాపులో "ర" ఎక్కువ, చవక షాపులో తక్కువ. ఇది ఊహించేదే. తర్వాత 1966లో పుస్తకంగా తెచ్చిన పెద్ద సర్వేలో తేలింది ఇంకా రుచైన సంగతి: జాగ్రత్తగా చదివి వినిపించమంటే "ర" అందరికంటే ఎక్కువ పలికింది పైనున్న డబ్బున్నోళ్లు కాదు, వాళ్లకి ఒక మెట్టు కింద ఉన్న దిగువ మధ్యతరగతి. పైవాళ్లని దాటేసి మరీ పలికారు. అలా దాటేయడాన్ని ఆయన హైపర్‌కరెక్షన్ అన్నాడు, దాని వెనకున్నది భాషా అభద్రత అన్నాడు. అది చదివినప్పుడు నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నా, ఒక్కణ్నే నవ్వుకున్నా, ఒరే నేను న్యూయార్క్‌లో కూడా ఉన్నాన్రా అని.

అడుగున ఉన్నోడికి ఈ బాధ తక్కువ, పైనున్నోడికి అసలు లేదు, ఒక మెట్టు ఎక్కి ఇంకో మెట్టు మీద కాలు పెట్టబోతున్నోడికే కాళ్లు వణుకుతాయి. మా నాన్న జీవితంలో ఎప్పుడూ "సెప్పు" అన్నందుకు సిగ్గుపడలేదు.

ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు అంటారు, "నువ్వు నీలా ఉండు బాస్, ఎవడేమనుకుంటే మనకేంటి" అని. నాకు చెడ్డ మంట ఈ మాటంటే. ఈ సలహా ఇచ్చినవాళ్లెవరో ఒకసారి లెక్కేసుకున్నాను. అందరూ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్లో, హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో పెరిగినవాళ్లో. వాళ్లు వాళ్లలా ఉంటే సరిపోతుంది, వాళ్లు ఇంట్లో మాట్లాడేదే న్యూస్ చదివేవాడూ మాట్లాడతాడు. నేను నాలా ఉంటే ఏమవుతుందో ఒకటి చెప్తాను వినండి.

అయిదారేళ్ల కింద అమ్మకి ఒంట్లో బాలేక విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. చూసింది కుర్ర డాక్టరు. ఏమైందమ్మా అంటే అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, "రొండ్రోజుల్నుంచి కడుపులో దేవుతన్నాది బాబూ, ఒల్లంతా సలుపుగున్నాది" అని. ఆ కుర్రాడు పక్కనున్న నర్సు వైపు చూసి, "ఎవరు తన్నారమ్మా?" అన్నాడు. నర్సు నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, అదీ నన్ను చంపేసింది, నేను లంచ్ టేబుల్ దగ్గర నవ్వే నవ్వు అది. నేను కల్పించుకుని "నాసియా ఉంది డాక్టర్, టూ డేస్ నుంచి, బాడీ పెయిన్స్ ఉన్నాయి, బీపీ టాబ్లెట్ వాడుతున్నారు" అన్నాను. అతను నిటారుగా కూర్చుని, పెన్ను తీసి రాయడం మొదలెట్టాడు. అమ్మ చెప్పినదానికీ నేను చెప్పినదానికీ తేడా ఏముంది? బీపీ టాబ్లెట్ ముక్క తప్ప ఏం లేదు. అయినా అమ్మ నొప్పి నా నోట్లోంచి వచ్చాకే నొప్పి అయింది.

కాబట్టి ఎవరేమనుకుంటే ఏంటి అనేది పొట్ట నిండినోళ్ల మాట. మన మాటకి విలువుండటం అనేది అహం కోసం కాదు, అది రేషన్ కార్డు లాంటిది, అది చూపిస్తేనే సరుకులిస్తారు. ఆసుపత్రిలో, బ్యాంకులో, పోలీస్ స్టేషన్లో, ఎమ్మార్వో ఆఫీసులో. మా జిల్లాలో ఉద్దానం ఉంది కదా, కవిటి, సోంపేట, కంచిలి, మందస, అటువైపంతా, జీడితోటలూ కొబ్బరితోటలూ చూస్తే కోనసీమ అనుకుంటారు, ఊరూరా కిడ్నీ జబ్బులు, ఎందుకొస్తోందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది 2023 డిసెంబర్‌లో. అంతకుముందు ఎన్నేళ్లు ఆ జనం చెప్పుకున్నారో, ఎవరెవరి దగ్గర చెప్పుకున్నారో. యాస వల్లే ఆలస్యమైందని నేననను, అది అబద్ధం అవుతుంది, రాజకీయం, డబ్బు, దూరం, బోలెడున్నాయి. కానీ ఆ జనం గోడు చెప్పుకున్న గదుల్లో కూడా ఎక్కడో ఒక పెన్ను లేవకుండా ఉండిపోయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అసలు మా యాస వింటే జనానికి నవ్వెందుకొస్తుంది? శబ్దంలో ఏం లేదు. "వచ్చేశాను" కంటే "వచ్చీసినాను" ఏ రకంగా కామెడీ? శ్రీకాకుళం అంటే హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కడుతున్న మేస్త్రీ, వాచ్‌మెన్, ఇస్త్రీ బండి. యాస వినగానే ముందు వలస కనిపిస్తుంది, దాని వెనక కూలి కనిపిస్తుంది. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, యాస యాస అంటాం గానీ అందులో కులం కూడా కలిసుంటుంది, శ్రీకాకుళం టౌన్లోనే చదువుకున్న పెద్ద కుటుంబాల వాళ్లు మాలా మాట్లాడరు. సినిమాలు దాన్నే పట్టుకున్నాయి, దశాబ్దాల పాటు హీరో ఏ ఊరివాడైనా ఒకటే తెలుగు, పనివాడికి మాత్రం మా యాస, రౌడీకి తెలంగాణ యాస, ఫ్యాక్షనిస్టుకి సీమ యాస.

దీంట్లో ఒక విచిత్రం ఉంది, అది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. పుస్తకాల్లో గ్రాంథికం కాదు, మనుషులు మాట్లాడే తెలుగు రాయాలి అని కొట్లాడిన గిడుగు రామమూర్తి ఎక్కడివారు? మా వైపువారే. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున పుట్టారు. ఆయనతో కలిసి నిలబడ్డ గురజాడ ఉన్నది విజయనగరంలో. అంటే నోటి తెలుగుకి పరువు తెచ్చే గొడవ మొదలైందే మా మూల నుంచి. ఇవాళ ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, స్టేజి మీద గిడుగు ఫొటోకి దండేస్తారు, ఆ స్టేజి మీదే ఎవడైనా గిడుగు ఊరి యాసలో మాట్లాడితే కింద కూర్చున్నోళ్లు ముసిముసి నవ్వులు నవ్వుతారు.

ఆయన్ని తప్పు పట్టట్లేదు గానీ ఆయన అడిగింది "శిష్ట" వ్యావహారికం. చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే తెలుగు. ఆ "శిష్ట" అన్న రెండక్షరాల వాకిట్లోనే మేం నిలబడిపోయాం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుని నాలుగు మండలాలుగా విడదీశారు, ఉత్తరం అంటే తెలంగాణ, దక్షిణం అంటే సీమ, తూర్పు అంటే మేము, మధ్య అంటే కృష్ణా గుంటూరు గోదావరి. ఆ మధ్య మండలం మాటే పత్రికలకెక్కింది, రేడియోకెక్కింది, సినిమాకెక్కింది, పాఠ్యపుస్తకానికెక్కింది, ఎందుకంటే పత్రికలు పెట్టినవాళ్లూ సినిమాలు తీసినవాళ్లూ ఎక్కువగా అక్కణ్నుంచే వచ్చారు. అంతకుమించి దాంట్లో గొప్పేం లేదు. గిడుగు చేసిన ఇంకో పని నాకు ఉద్యమం కంటే నచ్చుతుంది, పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి ఆ భాషా తెలుగూ తెలిసినతన్ని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ఎవరూ భాష అని కూడా అనుకోని దాని ముందు ఒక చదువుకున్న మనిషి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు, చూడండి. ఆ కుర్ర డాక్టరు కూర్చోలేదు.

తెలంగాణ యాసని చూస్తే ఇంకోటి అర్థమవుతుంది. నేను హైదరాబాద్ వచ్చిన కొత్తలో, 2009లో, ఆఫీసులో వరంగల్ అబ్బాయి కూడా నాలాగే "సాఫ్" చేసుకుని మాట్లాడేవాడు, ఫోన్లో ఇంటివాళ్లతో ఒకటి, మాతో ఒకటి. ఇప్పుడు అలా లేడు. మీటింగ్‌లో కూడా "గట్ల కాదన్నా" అంటాడు, ఎవరూ నవ్వరు. వాడు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుకేం వెళ్లలేదు. 2014లో రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినం అయింది. సినిమాల్లో హీరోలు ఆ యాస మాట్లాడటం మొదలెట్టారు. అంటే ఇన్‌సెక్యూరిటీ నా బుర్రలో ఉన్న జబ్బయితే నేను మందు వేసుకోవాలి, కానీ బయట ఉన్న లెక్క మారితే లోపలిది కూడా చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది అని కళ్లముందే చూశాను. మరి మాకు ఉద్యమం లేదు, రాష్ట్రం రాదు, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఉంది. అందులో ఎక్కితే విజయనగరం దాటాక నా నోరు దానంతటదే వదులవుతుంది, శ్రీకాకుళం రోడ్డులో దిగేసరికి "ఏటి సిన్నాన్నా, ఆటో ఎంత" అంటున్నాను. వచ్చేటప్పుడు ఎక్కడ బిగుసుకుంటుందో మాత్రం ఎప్పుడూ పట్టుకోలేకపోయాను.

మనుషులకేనా, మన భాషకి మాత్రం లేదా ఈ రోగం? 2004లో తమిళానికి ప్రాచీన హోదా ఇచ్చారు, ఇక మనవాళ్లకి నిద్ర లేదు, 2008లో మనకీ కన్నడానికీ ఇచ్చేదాకా. ఇచ్చాక తెలుగులో చదువుకునే పిల్లలు పెరిగారా అంటే అడక్కండి. ఎవరో పాతకాలపు యూరప్ యాత్రికుడు తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ద ఈస్ట్" అన్నాడంట, మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష కాబట్టి, దాన్ని ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా సర్టిఫికెట్‌లా జేబులో పెట్టుకుని తిరుగుతాం. ఇటలీలో ఎవడైనా మా భాష తెలుగు ఆఫ్ ద వెస్ట్ అని చెప్పుకుంటాడా?

సరే, ఇంతవరకు బాధితుడిలా రాశాను. ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని వారం ఊగిసలాడాను.

మూడేళ్ల కింద నేను ఇంటర్వ్యూ ప్యానెల్లో ఉన్నాను. ఒక కుర్రాడు వచ్చాడు, రెజ్యూమెలో కాలేజీ పేరు చూడగానే మా జిల్లా అని తెలిసింది. పని తెలుసు వాడికి, ఎస్‌క్యూఎల్ ప్రశ్నలన్నీ చెప్పాడు, ఇంగ్లీషులో తడబడితే పక్కనున్న మేడం "తెలుగులో చెప్పండి పర్లేదు" అంది. వాడు చెప్పాడు. "ఇలాగ సేస్తే క్వెరీ స్లో అయిపోద్ది మేడం, నానైతే ఇండెక్స్ యేస్తాను" అని. ఆన్సర్ కరెక్టు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఎందుకంటే వాడు నోరు తెరిచిన ప్రతిసారీ ఆ మేడం నా వైపు చూస్తుందేమో అనిపించింది, చూడలేదు పాపం, ఆవిడ నోట్స్ రాసుకుంటోంది. నేను వాణ్ని అవసరం లేని ప్రశ్నలు అడిగాను, ఇంగ్లీషులో అడిగాను. తర్వాత ఫారంలో "కమ్యూనికేషన్ స్కిల్స్ నాట్ అప్ టు ద మార్క్" అని రాసింది నేనే. మేడం ఓకే అంది, నేను వద్దన్నాను. "మీ ఊరబ్బాయే కదా, మీకే బాగా తెలుస్తుంది" అని ఆవిడ వదిలేసింది.

మెత్తనోణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు, నాది అది కూడా కాదు. నేను ఇరవై ఏళ్లు కష్టపడి దాచుకున్నదాన్ని వాడు టేబుల్ మీద అలా పెట్టేసి కూర్చున్నాడు, దాచకుండా, సిగ్గు లేకుండా, పైగా జవాబు కరెక్టు. వాడు పాసైతే నేను ఇరవై ఏళ్లు పడ్డ పాట్లు దేనికి? ఇదీ నా కడుపుమంట. ఆ నవ్విన డాక్టరుకైనా తెలియనితనం ఉంది. నాకు వాడు మాట్లాడిన ప్రతి ముక్క అర్థమైంది, "యేస్తాను"తో సహా. వాడి పేరు గుర్తుంది, ఇక్కడ రాయను. ఆమధ్య వెతికితే వేరే కంపెనీలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు, నాకంటే మంచి పొజిషన్లో ఉన్నా ఆశ్చర్యపోను. మెసేజ్ పెడదామని టైప్ చేసి చెరిపేశాను. సారీ చెప్తే నా బరువు దిగుతుంది, వాడికేం ఒరుగుతుంది.

రిలీజ్ కాల్ తర్వాత లంచ్ టేబుల్ ఐటెం ఆపేశాను. కోపంతో కాదు, ఊరికే చెప్పబుద్ధి కాలేదు. "ఏంటి బ్రో సీరియస్ అయిపోయావ్" అన్నారు రెండ్రోజులు, తర్వాత ఇంకో టాపిక్ దొరికింది వాళ్లకి. నేను లేకపోయినా బాగానే నవ్వుకుంటున్నారు.

మొన్న ఆదివారం ఇంటికి మా ఆవిడ ఆఫీసు వాళ్లు భోజనానికొచ్చారు. అందరం హాల్లో ఉన్నాం. అమ్మ ఫోన్ చేసింది, నా చేతులు ఖాళీ లేక మా పాప స్పీకర్ పెట్టి తెచ్చింది, "నానమ్మా ఇంట్లో గెస్టులున్నారు" అని చెప్పి మరీ పెట్టింది. పాప పుట్టింది ఇక్కడే, ఎనిమిదేళ్లు, పోయిన వేసవి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు నానమ్మకి "సెప్పు కాదు నానమ్మా, చెప్పు" అని పాఠాలు చెప్పింది, అప్పుడు అందరం నవ్వాం, నేను కూడా. అమ్మ పాస్‌బుక్ గురించి ఏదో అడిగింది, మాట ఒక్కోటి ఏరుకుంటూ, మధ్యమధ్యలో ఆగుతూ, కొత్త చెప్పులేసుకుని నడుస్తున్నట్టు. వచ్చే నెల వస్తాను, వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాను.

"చరే నాయనా, చంతోషం" అంది.

సోఫాలో ఎవరో కిసుక్కుమన్నారు. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోన్లో అమ్మకి అది వినపడింది. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "తప్పనీసినానేటి?" అని అడిగింది.

"నేదే అమ్మా," అన్నాను, స్పీకర్ ఆన్‌లోనే ఉంది. "నేనొచ్చే నెల ఒచ్చినాక సూద్దుం. నువ్వు తిన్నావేటి?"